రాజమండ్రి – కడప విమాన దూరం, అసలు పట్టే సమయం: లెక్క ఎలా వెయ్యాలి?

కోనసీమ_గట్టు
అందరికీ నమస్కారమండి. మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) నుంచి కడపకి విమాన మార్గంలో దూరమెంత అని చూస్తే ఒక సైటులో 270, ఇంకోదాంట్లో 235, మరోదాంట్లో 435 అని ఉంది. అక్షాంశ రేఖాంశాలు తీసుకుని చేత్తో వేస్తే 446 కి.మీ. వచ్చింది. సమయమేమో ఒకచోట 33 నిమిషాలు, ఒకచోట గంటా 3 నిమిషాలు. దేన్ని పట్టుకోవాలి? నేరుగా వెళ్లే విమానానికి ఎంత, హైదరాబాద్ మీదుగా ఎంత, అమలాపురంలో ఇంటి గుమ్మం దగ్గర్నుంచి కడప ఊళ్లోకి ఎంత అనేది విడివిడిగా తేల్చుకుంటే పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లకి పనికొస్తుంది. తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు
ముందు ఆ మూడు అంకెల సంగతి. మూడూ ఒకటేనండి, కొలతలు వేరు. 235 నాటికల్ మైళ్లు, 270 మామూలు మైళ్లు, 435 కిలోమీటర్లు. నాటికల్ మైలు 1.852 కి.మీ., మామూలు మైలు 1.609 కి.మీ. పైలట్లూ కంట్రోలర్లూ వాడేది నాటికల్ మైలే. వేగం నాట్లలో, అంటే గంటకి ఇన్ని నాటికల్ మైళ్లు అని ఉంటుంది కాబట్టి దూరం కూడా అందులోనే ఉంటే భాగహారం సూటిగా కుదురుతుంది.

ఇక మీ 446. అందులో 11 కి.మీ. తేడా ఎక్కడ దూరిందో చెప్పగలను. రాజమండ్రి విమానాశ్రయం 17 డిగ్రీల 6 నిమిషాల 37 సెకన్ల అక్షాంశం, 81 డిగ్రీల 49 నిమిషాల రేఖాంశం దగ్గరుంది. మీరు దాన్ని 17.06, 81.49 అని వేసుకుని ఉంటారు. కడపది 14 డిగ్రీల 30 నిమిషాలు, 78 డిగ్రీల 46 నిమిషాలు. దాన్ని 14.30, 78.46 అని. నిమిషాలు నూటికి కాదు, అరవైకి. 49 నిమిషాలంటే 0.49 కాదు, 49ని 60తో భాగిస్తే వచ్చే 0.82. సరిచేస్తే:

రాజమండ్రి: 17.110, 81.818
కడప: 14.510, 78.773

అక్షాంశాల తేడా 2.600 డిగ్రీలు. రేఖాంశాల తేడా 3.045. రేఖాంశాలు ఉత్తరానికి పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి దాన్ని మధ్య అక్షాంశం 15.81 డిగ్రీల కొసైన్‌తో గుణించాలి, అది 0.9622. వచ్చేది 2.930. ఇప్పుడు 2.600 వర్గం 6.76, 2.930 వర్గం 8.585, రెండూ కలిపితే 15.345, వర్గమూలం 3.917 డిగ్రీలు. డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు. అంటే 235. కిలోమీటర్లలో 435.

ఇంత చిన్న దూరానికి గోళాకార త్రికోణమితి మొత్తం వెయ్యక్కర్లేదు. ఆ పెద్ద సూత్రంతో వేసినా కిలోమీటరు తేడా కూడా రాదు.

కోనసీమ_గట్టు
సరిగ్గా అదే చేశానండి, 17.06, 81.49 అనే వేసుకున్నాను. ధన్యవాదాలు మాస్టారూ. మరి సమయం?

మధురపూడి23
33 నిమిషాలు ఎలా వచ్చిందంటే, 435ని 800తో భాగించారు. ఆ గంటా 3 నిమిషాలు దానికి విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ అని ఒక అరగంట గుండుగుత్తగా కలిపినది. ఆ సైట్లకి దారిలో తిరిగేది ఏ విమానమో తెలీదు, అన్నిటికీ జెట్ వేగమే వేసేస్తాయి. మన చిన్న ఊళ్ల మధ్య తిరిగేది ఎక్కువగా ఏటీఆర్ 72, పంకాలతో ఎగిరే చిన్న విమానం. దాని నిలకడ వేగం 270 నాట్లు, అంటే గంటకి 500 కి.మీ. అక్కడే లెక్క మారిపోతుంది.

ఇంకో సంగతి. టికెట్ మీద ఉండే సమయం గాల్లో ఉండే సమయం కాదు. చక్రాల కింద చెక్కలు తీసిన క్షణం నుంచి అవతలి ఊళ్లో మళ్లీ చెక్కలు పెట్టేదాకా. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. విమానం రన్‌వే దాకా నడవడం, ముందు విమానం దిగేదాకా ఆగడం, దిగాక నిలిపే చోటికి చేరడం అన్నీ అందులోవే.

ఏటీఆర్_పంకా
ముక్కలు ముక్కలుగా వేసి చూపిస్తాను. 18,000 అడుగుల ఎత్తు అనుకుందాం.

ఎక్కడం: నిమిషానికి సగటున 1,000 అడుగులు, 18 నిమిషాలు. ఎక్కేటప్పుడు వేగం తక్కువ, సగటున 195 నాట్లు. అంటే ఎక్కుతూనే 58 నాటికల్ మైళ్లు వెళ్లిపోతుంది. రాజమండ్రిలో లేచింది కొల్లేరు దాటాక గానీ పైకి చేరదు.

దిగడం: వెయ్యి అడుగులకి మూడు నాటికల్ మైళ్లు అనేది పాత లెక్క, ఇప్పటికీ పనిచేస్తుంది. కడప విమానాశ్రయం సముద్రమట్టానికి 430 అడుగులు. కాబట్టి 17,500 అడుగులు దిగాలి, 53 మైళ్లు. 240 నాట్ల సగటున 13 నిమిషాలు.

చివర్లో రన్‌వేకి ఎదురుగా రావడానికి 12 మైళ్లు, చక్రాలు దించి 140, 150 నాట్ల మీద, 5 నిమిషాలు.

ఇక మధ్యలో మిగిలేది. తిన్నని గీత 235 అయినా విమానం ఆ గీత మీదే పోదు, నిర్ణయించిన బిందువులు పట్టుకుని వంకర్లు తిరుగుతుంది. దానికి 12 మైళ్లు కలిపితే 247. అందులోంచి 58, 53, 12 తీసేస్తే 124. దాన్ని 270 నాట్ల మీద వెళ్తే 28 నిమిషాలు.

18, 28, 13, 5 కలిపితే గాల్లో 64 నిమిషాలు. మధురపూడిలో నేల మీద 8, కడపలో 4. మొత్తం 76. ఏ సంస్థయినా టైమ్‌టేబుల్లో ఇంకో ఐదు పది నిమిషాలు వెసులుబాటు పెట్టుకుంటుంది. కాబట్టి నేరు విమానమంటే 1 గంట 20 నుంచి 1 గంట 25 నిమిషాలు.

చూడండి, పూర్తి వేగంతో పోయేది 28 నిమిషాలే. అందుకే ఇదే దారిలో జెట్ వేసినా లాభం పన్నెండు, పదిహేను నిమిషాలు మించదు.

భీమారం_కాలవ
18,000 అడుగులే ఎందుకండీ? ఇంకా పైకి పోతే గాలి పలచబడి వేగం పెరుగుతుంది కదా.

ఏటీఆర్_పంకా
ఏటీఆర్ గరిష్ఠ ఎత్తు 25,000 అడుగులు. కానీ 235 మైళ్ల దారికి అంత పైకి పోతే ఎక్కడానికీ దిగడానికే దారంతా అయిపోతుంది. 16,000, 18,000 బాగా నప్పుతాయి. సరిసంఖ్యలే ఎందుకు చెప్పానంటే, పడమటి వైపు దిశలకి, అంటే 180 నుంచి 359 డిగ్రీల మధ్య పోయేవాటికి, 16, 18, 20 వేల లాంటి సరి ఎత్తులు ఇస్తారు. తూర్పు వైపు పోయేవాటికి 17, 19 లాంటి బేసి ఎత్తులు. కడప వెళ్లేది 18,000 మీద పోతే తిరిగొచ్చేది 17,000 మీదో 19,000 మీదో వస్తుంది. ఎదురెదురు వచ్చినా మధ్యలో వెయ్యి అడుగులు ఖాళీ.

వానాకాలంలో ఇంకో మాట. ఆ ఎత్తులో బయట ఉష్ణోగ్రత సున్నాకి అయిదారు డిగ్రీలు కింద ఉంటుంది. మేఘంలో దూరితే రెక్క అంచున మంచు పడుతుంది. దాన్ని ఊడగొట్టే రబ్బరు తొడుగులు ఏటీఆర్‌కి ఉంటాయి, అయినా వేగం తగ్గుతుంది. అలాంటి రోజు కొంచెం కింది ఎత్తు అడుగుతారు. నిమిషమో రెండో తేడా.

మధురపూడి23
ఈ దారిలో చాలామంది గమనించని మంచి విషయం ఒకటుంది. మధురపూడి నుంచి కడప ఏ దిక్కున ఉందో కడితే ఉత్తరం నుంచి 228 డిగ్రీలు, అంటే నైరుతి. మన రన్‌వే పేరు 05/23. ఆ 23 అంటే 230 డిగ్రీలు. రన్‌వే 23 మీద లేచిన విమానం ముక్కు దాదాపు కడప వైపే ఉంటుంది, తిరగాల్సిన పనే లేదు.

అదే 05 మీద లేస్తే వీపు కడప వైపు ఉంటుంది. కోరుకొండ వైపు ఎక్కి, చుట్టు తిరిగి వెనక్కి రావాలి. నాలుగు నుంచి ఆరు నిమిషాలు అక్కడే పోతాయి.

ఏది వాడతారనేది గాలి చేతిలో ఉంది, విమానం గాలికి ఎదురు లేవాలి కదా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి కాబట్టి 23 కలిసొస్తుంది. ఈశాన్య గాలి తిరిగాక, అక్టోబరు ఆఖరు నుంచి, 05 ఎక్కువ. చిత్రమేమిటంటే నైరుతి రోజుల్లో రన్‌వే దగ్గర మిగిలింది దారిలో ఎదురుగాలి తినేస్తుంది. 25 నాట్ల ఎదురుగాలి ఉంటే ఆ 124 మైళ్లు 28కి బదులు 30 నిమిషాలు పడుతుంది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పోయేది కూడా కలుపుకుంటే మొత్తం నాలుగు నిమిషాలు.

పెన్నా_ఒడ్డు
కడప వైపు సంగతి నేను చెప్తా అన్నా. మా రన్‌వే 11/29, పొడవు 2,000 మీటర్లు. మీ మధురపూడిది ఇంతకుముందు 1,750 మీటర్లుండె, ఇప్పుడు 3,165 చేసినారు. అందుకే 2024 డిసెంబరు నుంచి మీకు ముంబై, ఢిల్లీకి పెద్ద విమానాలు వస్తాండాయి. మాకు ఏటీఆర్ అయితే ఇబ్బందే లేదు.

మీ దిక్కు నుంచి, అంటే ఈశాన్యం నుంచి వచ్చే విమానం మా రన్‌వేకి అడ్డంగా వస్తుంది. 29 మీద దిగాలంటే కుడికి 60 డిగ్రీలు మళ్లితే చాలు. 11 మీద దిగాలంటే ఊరు దాటి పడమరకి పోయి, మళ్లీ తూర్పుకి తిరిగి రావాల. ఏటీఆర్_పంకా గారు చెప్పిన ఆ 12 మైళ్లు అప్పుడు 20 అయినా ఆశ్చర్యం లేదు, ఇంకో మూడు నిమిషాలు వేసుకోండి.

ఎండాకాలం మధ్యాహ్నం మా ఊళ్లో 42 డిగ్రీలు మామూలు. మా ఊరుండే 430 అడుగుల ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 14 డిగ్రీలు. తేడా 28. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,360. దానికి 430 కలిపితే దాదాపు 3,800. అంటే విమానానికి మా కడప ఆ పూట 3,800 అడుగుల కొండ మీదుండే ఊరు లెక్క. రెక్కకి గాలి చాలదు, ఇంజనుకీ చాలదు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో లోడు గురించి లెక్కలు గట్టిగా చూస్తారు. పొద్దున విమానానికే టికెట్ తీసుకోండి, కుదుపులు కూడా తక్కువ.

కోనసీమ_గట్టు
చాలా బాగా చెప్పారు అన్నా. ఇప్పుడు నేరు విమానం దొరకనప్పుడు హైదరాబాద్ మీదుగా వెళ్తే?

లెక్కల_మాస్టారు
అదే పద్ధతిలో వేశాను. రాజమండ్రి నుంచి శంషాబాద్ 194 నాటికల్ మైళ్లు, 360 కి.మీ. శంషాబాద్ నుంచి కడప 165 నాటికల్ మైళ్లు, 305 కి.మీ. మొత్తం 665. నేరు దారి కంటే 230 కి.మీ. ఎక్కువ. చెన్నై మీదుగా అయితే 491, 227 కలిపి 718.

కానీ ఇక్కడ దెబ్బ కొట్టేది కిలోమీటర్లు కాదండి. రెండుసార్లు ఎక్కడం, రెండుసార్లు దిగడం, మధ్యలో కూర్చోవడం. మొదటిది 1 గంట 10, రెండోది 1 గంట 5 నుంచి 10. మధ్యలో రెండు గంటలు వేసుకుంటే 4 గంటల 20 నిమిషాలు.

మధురపూడి23
ఆ మధ్య రెండు గంటల మాట మీద ఒక హెచ్చరిక. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటేనే ఆ రెండు గంటలు. అప్పుడు సామాను దానంతటదే కడప దాకా వెళ్తుంది, మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే తరవాతి దాంట్లో ఎక్కించే బాధ్యత సంస్థదే. చవగ్గా వస్తోందని రెండు టికెట్లు విడివిడిగా కొంటే మటుకు శంషాబాద్‌లో సామాను బెల్టు మీంచి తీసుకుని, బయటికొచ్చి, మళ్లీ పైకెక్కి, కౌంటర్లో ఇచ్చి, మళ్లీ తనిఖీ. కౌంటరు సాధారణంగా 60 నిమిషాల ముందే మూసేస్తారు. మూడు గంటలకి తక్కువ పెట్టుకోకండి. మొదటిది 50 నిమిషాలు ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బులు గాలికే.

ఇంకోటి, చిన్న విమానాశ్రయాలు రాత్రీ పగలూ తెరిచి ఉండవు. వాటికి పని వేళలు ఉంటాయి. ఒకే ఏటీఆర్ పొద్దుట్నుంచీ నాలుగైదు ఊళ్లు తిరుగుతుంది. పొద్దున ఒకచోట పొగమంచుకి గంటన్నర ఆలస్యమైతే అది సాయంత్రం దాకా మోసుకుంటూ వస్తుంది. ఆఖరి ఊరు మూసే వేళ దాటిపోయేలా ఉంటే ఆ సర్వీసు రద్దు. అందుకని రోజులో ఆఖరి విమానం మీద పెళ్లి ముహూర్తం పెట్టుకోవద్దు.

రావులపాలెం_జంక్షన్
గాల్లో లెక్క మీరంతా తేల్చారు, నేల మీద లెక్క నేను చెప్తాను. కోనసీమ వాళ్లకి అసలు ఆలస్యం ఇక్కడే.

అమలాపురం నుంచి మధురపూడి 85 కి.మీ. లోపే, కానీ రెండు గంటల పావు పెట్టుకోండి. అమలాపురం – రావులపాలెం ముక్క కాలవ గట్టు వెంట రెండు వరసల రోడ్డు, కొత్తపేట దగ్గర ఊళ్లు, బళ్లు, పాడి గేదెలు. రావులపాలెంలో హైవే ఎక్కేచోట అరటి మార్కెట్ లారీలు. పొద్దున్నే గెలల వేలం జరిగే వేళకి ఆ జంక్షన్ గట్టిగా పడుతుంది. అక్కణ్నుంచి జొన్నాడ వంతెన, గౌతమి దాటాక కడియపులంక నర్సరీల దగ్గర మొక్కల బళ్లు రోడ్డు పక్కనే ఎత్తుతుంటారు. వేమగిరి దాటి, మోరంపూడి, లాలాచెరువు. రాజమండ్రి ఊళ్లోకి దిగొద్దు, కోటిపల్లి బస్టాండు వైపు తిరిగారంటే అరగంట అక్కడే. హైవే మీదే ఉండి పైనుంచి మధురపూడి రోడ్డు పట్టుకోండి. ఊరి నుంచి విమానాశ్రయం ఉత్తరంగా 18 కి.మీ.

సాయంత్రం కార్తీక మాసం సోమవారాలు, పుష్కరాల రేవుల రద్దీ రోజులు, గోదావరి వరద రోజులు ఇంకో ముప్పావు గంట కలపండి. వరదల్లో లంక రోడ్లు మునిగితే చుట్టు దారే గతి.

కోనసీమ_గట్టు
అంటే ఇంటి నుంచి ఇంటికి ఇలా వేస్తున్నాను, సరిచూడండి. అమలాపురం నుంచి మధురపూడి 2:15. విమానానికి గంటన్నర ముందు ఉండాలి, 1:30. నేరు విమానం 1:20. దిగి సామాను తీసుకుని బయటపడటానికి 0:25. కడప ఊళ్లోకి 0:25. మొత్తం 5 గంటల 55. హైదరాబాద్ మీదుగా అయితే 1:20 తీసి 4:20 వెయ్యాలి. 8 గంటల 55.

రావులపాలెం_జంక్షన్
సరిగ్గానే ఉంది. ఇప్పుడు దాని పక్కన కారు పెట్టి చూడండి. అమలాపురం నుంచి బెజవాడ, ఒంగోలు వైపుగా కడపకి 500 కి.మీ. దాటుతుంది, భోజనం ఆపి పది గంటలు. హైదరాబాద్ మీదుగా విమానంలో పోతే మిగిలేది గంట. నలుగురు మనుషులుంటే నలుగురికి రెండేసి టికెట్లు. నా మాట అడిగితే నేరు విమానం ఉంటే ఎక్కండి, లేదంటే హైదరాబాద్ చుట్టు తిరగొద్దు. తిరుమల ఎక్స్‌ప్రెస్‌కి రాజమండ్రిలో సాయంత్రం ఎక్కితే పడుకుని పోయి తెల్లారాక కడపలో దిగొచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి శంషాబాద్‌లో ఆ నడక కంటే రైలు బెర్తే సుఖం.

ఏటీఆర్_పంకా
ఒంటరిగా ఉద్యోగం పని మీద పోయేవాళ్లకి మటుకు ఆ గంట కూడా విలువే, కారు తోలే అలసట ఉండదు కదా. పెద్దవాళ్ల విషయంలో మీతో ఒప్పుకుంటాను. ఏటీఆర్‌కి వంతెన ఉండదు, వెనక తలుపు దగ్గర మెట్లు ఎక్కాలి. మెట్లు తక్కువే, కానీ కౌంటర్లో ముందే చక్రాల కుర్చీ చెప్పుకోవాలి.

భీమారం_కాలవ
పశ్చిమ వైపు వాళ్ల సంగతి కూడా చూడండి. భీమవరం నుంచి మధురపూడికి తాడేపల్లిగూడెం, కొవ్వూరు మీదుగా పోయినా, గుడివాడ మీదుగా గన్నవరం పోయినా దూరం దాదాపు సమానమే, 90 కి.మీ. అటూ ఇటూ. మాస్టారూ, గన్నవరం నుంచి కడప ఎంతొస్తుంది?

లెక్కల_మాస్టారు
169 నాటికల్ మైళ్లు, 312 కి.మీ. మధురపూడి నుంచి కంటే 123 కి.మీ. తక్కువ. కానీ సమయంలో తేడా 15 నిమిషాలే, ఎందుకంటే ఎక్కడం దిగడం అలాగే ఉంటాయి, తగ్గేది మధ్య ముక్క ఒక్కటే. భీమవరం, నరసాపురం, పాలకొల్లు వాళ్లు ఏ రోజు ఎక్కణ్నుంచి విమానముందో చూసుకుని వెళ్లడం మంచిది, దూరం చూసి కాదు.

పెన్నా_ఒడ్డు
టికెట్ ధర మాట ఒకటి. చిన్న ఊళ్లకి చవగ్గా విమానాలు నడిపించే ఉడాన్ పథకం మొదలైన రోజు, 2017 ఏప్రిల్ 27న, షిమ్లా – ఢిల్లీతో పాటు జెండా ఊపిన దారుల్లో మా కడప – హైదరాబాద్ ఒకటి. అప్పుడు గంట ప్రయాణానికి, అంటే 500 కి.మీ. వరకు, సగం సీట్లకి 2,500 రూపాయల పరిమితి పెట్టినారు. సంస్థకి పడే నష్టంలో 80 వంతులు కేంద్రం, 20 రాష్ట్రం భరిస్తాయి, మూడేళ్ల దాకా. ఆ మూడేళ్లు అయినాక మనుషులు నిండకపోతే సర్వీసు ఎత్తేస్తారు. మన రెండు ఊళ్ల మధ్య 435 కి.మీ. కాబట్టి అట్లాంటి దారికి సరిపోయే దూరమే. ఇట్లాంటి దారి నిలబడాలంటే పండగలకి మాత్రమే ఎక్కితే చాలదు అన్నా, మామూలు మంగళవారం కూడా మనుషులు ఉండాల.

రావులపాలెం_జంక్షన్
సామాను గురించి ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాను, మనవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. కురిడీ కాయలు, ఎండు కొబ్బరి విమానంలో చేతి సంచిలోనూ కుదరదు, లోపల వేసే సామానులోనూ కుదరదు. కొబ్బరిలో నూనె దానంతటదే వేడెక్కి అంటుకునే గుణం ఉంది కాబట్టి ప్రమాదకర సరుకుల జాబితాలో పెట్టారు. పచ్చి కాయ అయితే ముందుగా సంస్థని అడగండి. ఆవకాయ చేతి సంచిలో వద్దు, సీసా మూతకి కవరు బిగించి, రెండు సంచుల్లో చుట్టి లోపలి సామానులో పెట్టండి. ఆత్రేయపురం పూతరేకులు మటుకు చేతిలోనే పట్టుకెళ్లండి, కింద వేస్తే పొడి. ఏటీఆర్‌లో తల మీద అరలు చిన్నవి, చక్రాల పెట్టె పట్టదు, మెట్ల దగ్గరే తీసుకుని కింద వేసేస్తారు. అందుకని మందులూ కాగితాలూ చిన్న సంచిలో వేరుగా ఉంచుకోండి.

కోనసీమ_గట్టు
పొగమంచు గురించి మధురపూడి23 గారు అన్నారు. సంక్రాంతికి అందరూ తిరిగేది అప్పుడే. ఎంత ఆలస్యం పెట్టుకోవాలి?

మధురపూడి23
డిసెంబరు, జనవరిలో గోదావరి గాలీ, వరిచేల తడీ కలిసి తెల్లవారుజామున మంచు పట్టేస్తుంది. రేడియో సంకేతాలతో రన్‌వే దారి చూపే మామూలు ఐఎల్ఎస్‌తో దిగాలన్నా రన్‌వే మీద కనీసం 550 మీటర్లు కనబడాలి. ఐఎల్ఎస్ లేకుండా దిగే పద్ధతులకి ఇంకా ఎక్కువ కనబడాలి. అది లేకపోతే రావాల్సిన విమానం హైదరాబాద్‌లోనే ఆగుతుంది, లేదా పైన చుట్లు కొట్టి వేరే ఊరికి పోతుంది. చుట్లు కొట్టడానికి అరగంట ఇంధనం, వేరే ఊరికి పోవడానికి ఇంధనం, రెండూ ముందే నింపుకుని బయల్దేరతారు. సాధారణంగా ఎండ ఎక్కేకొద్దీ, 8:30, 9 గంటలకి విడిపోతుంది. కాబట్టి ఆ రెండు నెలలూ 7 గంటల విమానం కంటే 10 దాటాక ఉండేది పట్టుకోండి. ఎండాకాలానికి పెన్నా_ఒడ్డు గారు చెప్పిన దానికి ఇది తిరగేసిన లెక్క.

ఏప్రిల్, మే సాయంత్రాలు ఉరుముల మేఘాలు లేస్తాయి. వాటికి 20 మైళ్లు ఎడంగా తప్పుకుని పోవాలి. అదో పది నిమిషాలు.

భీమారం_కాలవ
ఆఖరిగా ఒకటి అడగాలండి. కిటికీ సీటు ఏ వైపు తీసుకుంటే డెల్టా కనబడుతుంది?

ఏటీఆర్_పంకా
వెళ్లేటప్పుడు ఎడమ వైపు, 'ఏ' సీటు. తిన్నని గీత గీస్తే కొవ్వూరు ఎగువన గోదావరి దాటి, తాడేపల్లిగూడెం పక్కనుంచి, కొల్లేరు దక్షిణపు అంచు మీదుగా, తెనాలి దిగువన కృష్ణ దాటి, ఒంగోలు పైనుంచి బద్వేలు వైపు పోతుంది. ఎడమ కిటికీలోంచి ముందు కాటన్ బ్యారేజీ, దాని కింద పాయలు విడిపోవడం, తరవాత చేపల చెరువుల గళ్లు. ఏటీఆర్ రెక్క పైన ఉంటుంది కాబట్టి ఏదీ అడ్డం రాదు. పంకా పక్క వరసలు వదిలేసి వెనక తీసుకోండి, చప్పుడు తక్కువ.

తిరిగొచ్చేటప్పుడు కుడి వైపు. ఆ రోజు 05 మీద దిగిస్తే కడప వైపు నుంచి తిన్నగా వచ్చేస్తుంది, చుట్టు తిరగక్కర్లేదు. రన్‌వే ఇంకా 12 కి.మీ. దూరం ఉండగా ఏటి మీదకి వస్తుంది, ఎత్తు అప్పటికి 2,000 అడుగుల చిల్లర. కుడి కిటికీలో రైలు వంతెనలూ, మధ్యలో లంకలూ, ఇసుక తిన్నెలూ ఒక నిమిషం పాటు కనబడతాయి. చక్రాలు దిగిన చప్పుడు కూడా అక్కడే వినిపిస్తుంది.